టర్బో లేని ఇంజిన్‌లో టార్క్ కోసం ఇన్‌టేక్ రన్నర్ కొలతలు: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ ఆటోనగర్‌లో మేనిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే గొట్టాల కట్ట) పని చేయించుకోవడానికి వచ్చేవాళ్లు, పాత జిప్సీలు బాగుచేసుకుని నడిపేవాళ్లు, కాలేజీలో రేస్ కారు కడుతున్న పిల్లలు అందరూ తిప్పితిప్పి ఇవే అడుగుతారు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. ఇక్కడి విషయమంతా టర్బో, సూపర్‌చార్జర్ (గాలిని నొక్కి ఇంజిన్‌లోకి తోసే పరికరాలు) లేని పెట్రోల్ ఇంజిన్ల గురించే. టార్క్ అంటే ఇంజిన్ తిప్పే బలం. ఏ ప్రశ్నకి ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

రన్నర్ అంటే ఏ భాగం? దాన్ని మారిస్తే టార్క్ ఎలా పెరుగుతుంది?

యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే థ్రాటిల్ బాడీ దాటాక గాలి ముందు ప్లీనం అనే డబ్బాలోకి వస్తుంది. అక్కడి నుంచి ఒక్కో సిలిండర్‌కి విడిగా వెళ్లే గొట్టమే రన్నర్. హెడ్‌లో (సిలిండర్ల మీద కూర్చునే, వాల్వ్‌లు ఉండే భాగం) ఉండే పోర్ట్, అంటే గాలి దారి కూడా లెక్కకి రన్నర్‌లో భాగమే. అది వాల్వ్ దాకా ఒకటే దారి.

ఇందులో రెండు పనులు జరుగుతాయి. ఒకటి గాలి వేగం. గొట్టంలో గాలి ఒకసారి పరుగు అందుకుంటే, బ్రేక్ వేసినా ఆగకుండా ముందుకు జరిగే గూడ్స్ బండిలా, పిస్టన్ కింద చివరికి చేరి పైకి తిరుగుతున్నా ఇంకా సిలిండర్‌లోకి తోసుకుంటూనే ఉంటుంది. రెండోది పీడన తరంగం. పిస్టన్ గాలిని లాగినప్పుడు పుట్టిన తక్కువ పీడన తరంగం ధ్వని వేగంతో ప్లీనం దాకా వెళ్లి, అక్కడ ఎక్కువ పీడన తరంగంగా మారి వెనక్కి వస్తుంది. అది ఇన్‌టేక్ వాల్వ్ మూసుకునే ముందు క్షణంలో వచ్చి తగిలితే సిలిండర్‌లో మామూలుకన్నా ఎక్కువ గాలి నిండుతుంది. ఆ ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర టార్క్ పెరుగుతుంది. బాగా కుదిరితే 5 నుంచి 10 శాతం ఆశించవచ్చు. అంతకన్నా ఎక్కువ చెబితే, ఏ ఆర్పీఎం దగ్గర కొలిచారో అడగండి.

నా బండికి కింద గేర్లలో పుల్లింగ్ లేదు. రన్నర్ మార్చాలా?

చాలాసార్లు అక్కర్లేదు. ముందు కంప్రెషన్ టెస్ట్, వాల్వ్ క్లియరెన్స్, ఇగ్నిషన్ టైమింగ్, క్లచ్ జారడం, ఎగ్జాస్ట్‌లో కెటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోవడం, ఇవన్నీ చూపించండి. జిప్సీ లాంటి వాటికి పెద్ద టైర్లు వేసినవాళ్లు ఇంకోటి గమనించాలి. టైర్ వ్యాసం 10 శాతం పెరిగితే చక్రం దగ్గర నెట్టే బలం దాదాపు 9 శాతం తగ్గుతుంది. ఎంత మంచి మేనిఫోల్డ్ వేసినా వచ్చే లాభం ఆ టైర్లకే పోతుంది. అలాంటి బండికి డిఫరెన్షియల్ గేర్ రేషియో మార్చడమే సరైన మందు.

అన్నా, పోర్ట్ ఎంత వెడల్పు చేస్తే అంత గాలి వెళ్తుంది కదా?

ఈ నమ్మకం వల్ల పాడైన హెడ్‌లు ఆటోనగర్ నిండా ఉన్నాయి. ఫ్లో బెంచ్ (గాలి పారకం కొలిచే యంత్రం) మీద పెడితే వెడల్పు పోర్ట్‌లో గాలి ఎక్కువే పోతుంది, కాదనను. కానీ అక్కడ గాలి ఒకే తీరున ఆగకుండా పారుతుంది. ఇంజిన్‌లో అలా కాదు. వాల్వ్ తెరిచినప్పుడల్లా గాలి కదలాలి, మూసినప్పుడల్లా ఆగాలి. వెడల్పు పెరిగితే 2000, 3000 ఆర్పీఎంలో వేగం పడిపోతుంది. పిస్టన్ పైకి తిరగగానే, ఇంకా మూసుకోని వాల్వ్ గుండా మిశ్రమం వెనక్కి తన్నుకొస్తుంది. పెట్రోల్ గాలిలో సరిగా కలవదు, గోడలకి అంటుకుంటుంది. ఊళ్లో నడిపే బండికి పనికొచ్చే టార్క్ అంతా ఆ ఆర్పీఎంలోనే ఉంది. ఒకసారి గ్రైండింగ్ చేసిన లోహం తిరిగి రాదు. హెడ్ మీద చెయ్యి పెట్టించే ముందు వేగం లెక్క కాగితం మీద వేయించండి. లెక్క చూపించలేనివాళ్లకి హెడ్ ఇవ్వకండి.

టర్బో బండికి ఇదే లెక్క పనిచేస్తుందా?

తరంగం అక్కడా ఉంటుంది. కానీ టర్బో ఇచ్చే పీడనం ముందు దాని వంతు చిన్నది. ఖర్చుకి తగ్గ ఫలితం రాదు.

రోడ్డు మీద తిరిగే బండికి ఇలా మార్చడం చట్టప్రకారం కుదురుతుందా?

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకి యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ట్రాక్‌కి, ర్యాలీకి, కాలేజీ పోటీకి వాడే బండి మీద ఈ పని చేయండి. రోజూ తిరిగే బండి అయితే ముందు ఆర్టీఓ ఆఫీసులో అడగండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర కూడా ఇదే చిక్కు వస్తుంది.

## లెక్క వేసేటప్పుడు

ఏ ఆర్పీఎంకి ట్యూన్ చేయాలో ఎలా నిర్ణయించుకోవాలి?

మొత్తం పనిలో ముఖ్యమైన నిర్ణయం ఇదే. దీన్నే అందరూ తొందరగా దాటేస్తారు. రన్నర్ టార్క్‌ని ఒకచోట పెంచితే ఇంకోచోట తగ్గిస్తుంది. కాబట్టి మీ ఇంజిన్ ఎక్కువ సేపు ఉండే ఆర్పీఎం ఏదో తెలియాలి. ఊహించకండి. వారం రోజులు మామూలుగా నడుపుతూ, గేర్ మార్చాక ఆర్పీఎం మీటరు సూది ఎక్కడికి పడుతోందో, మళ్లీ మార్చే ముందు ఎక్కడ ఉంటోందో రాసుకోండి. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో తిరిగే బండి, ఇసుకలో ఎక్కే జిప్సీ, ట్రాక్ మీద తిరిగే కారు మూడింటికీ మూడు జవాబులు వస్తాయి. ఆ రెండు అంకెల మధ్యలో, కాస్త పై వైపున ఉన్న ఆర్పీఎంని ఎంచుకోండి. 2000 ఆర్పీఎంకి ట్యూన్ చేయాలని మాత్రం పట్టుపట్టకండి. దానికి మీటరుకి పైగా గొట్టం కావాలి.

రన్నర్ పొడవు ఎంత ఉండాలి? తేలికైన సూత్రం చెప్పండి.

తరంగం వెళ్లి రావడానికి క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) దాదాపు 80 డిగ్రీలు తిరిగేంత సమయం ఇవ్వాలన్నది నేను వాడే లెక్క. పిస్టన్ గట్టిగా లాగే సమయానికీ, మామూలు కామ్‌తో (వాల్వ్‌లని తెరిచే ఇరుసు) వాల్వ్ మూసుకునే ముందు సమయానికీ మధ్య ఉపయోగపడే వ్యవధి దాదాపు అంతే. 40 డిగ్రీల సెల్సియస్ గాలిలో ధ్వని సెకనుకి 355 మీటర్లు పోతుంది.

4000 ఆర్పీఎం తీసుకుందాం. ఒక చుట్టుకి 15 మిల్లీసెకన్లు. 80 డిగ్రీలకి 3.33 మిల్లీసెకన్లు. ఆ సమయంలో తరంగం 1.18 మీటర్లు పోతుంది. వెళ్లడం, రావడం రెండూ ఉన్నాయి కాబట్టి సగం చేస్తే 592 మి.మీ. లెక్క తేలికగా కావాలంటే 23,67,000ని ఆర్పీఎంతో భాగించండి, పొడవు మిల్లీమీటర్లలో వస్తుంది. 3000కి 789, 4500కి 526, 6000కి 394.

ఈ పొడవు వాల్వ్ వెనక భాగం నుంచి ప్లీనంలో తెరుచుకునే మూతి దాకా. హెడ్‌లోని పోర్ట్ పొడవు ఇందులోంచి తీసేస్తేనే చేయించాల్సిన గొట్టం కొలత వస్తుంది. పోర్ట్ వంకరగా ఉంటుంది కాబట్టి స్కేలు పనికిరాదు. మెత్తటి రాగి తీగని పోర్ట్ మధ్యగా వాల్వ్ తగిలేదాకా పంపి, ఫ్లాంజ్ (హెడ్‌కి గొట్టాలు బిగించే చదునైన అంచు) దగ్గర గోటితో పట్టుకుని బయటికి తీసి, నిటారుగా చేసి కొలవండి.

వ్యాసం ఎంత పెట్టాలి?

గాలి సగటు వేగాన్ని బట్టి. పిస్టన్ సగటు వేగాన్ని బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) వైశాల్యంతో హెచ్చించి, రన్నర్ వైశాల్యంతో భాగిస్తే గాలి సగటు వేగం వస్తుంది. టార్క్ కావాలనుకున్న ఆర్పీఎం దగ్గర ఇది సెకనుకి 55 నుంచి 65 మీటర్ల మధ్య ఉండేలా చూస్తాను.

జిప్సీ 1.3 ఇంజిన్‌తో చేసి చూద్దాం. బోర్ 74, స్ట్రోక్ (పిస్టన్ ఒకవైపు కదిలే దూరం) 75.5 మి.మీ., మొత్తం 1298 సీసీ. 4000 ఆర్పీఎంలో పిస్టన్ సగటు వేగం 10.07 మీటర్లు, బోర్ వైశాల్యం 43 చదరపు సెం.మీ. రన్నర్ లోపలి వ్యాసం 34 మి.మీ. అయితే గాలి వేగం 48 మీటర్లు, 32 అయితే 54, 30 అయితే 61. అంటే 30, 32 మధ్యలో ఎక్కడైనా బాగుంటుంది. రెండు మిల్లీమీటర్లకే ఇంత తేడా వస్తోంది కాబట్టి, 'కొంచెం వెడల్పు చేద్దాం' అనే మాట ఈ పనిలో చాలా ఖరీదైనది. పై ఆర్పీఎం కూడా చూడాలి. 30 మి.మీ. గొట్టంలో 6000 దగ్గర సగటు 92 మీటర్లు అవుతుంది. ఇంజిన్ అక్కడ ఊపిరాడనట్టు అనిపించినా పనిచేస్తుంది.

గొట్టం బయటి వ్యాసం చెప్పి కొనకండి. గోడ మందం రెండు వైపులా తీసేసి లోపలి వ్యాసం చెప్పండి.

పొడవు, వ్యాసం విడివిడిగా వచ్చాయి. రెండూ ఒకదానికొకటి కుదిరాయో లేదో ఎలా తెలుస్తుంది?

హెల్మ్‌హోల్ట్జ్ సూత్రంతో సరిచూడాలి. రన్నర్‌లోని గాలి బరువుగా, సిలిండర్‌లోని గాలి స్ప్రింగ్‌గా పనిచేసి కలిసి ఊగుతాయన్నది దీని ఆధారం. పౌనఃపున్యం కోసం, రన్నర్ వైశాల్యాన్ని పొడవు, సిలిండర్ ఘనపరిమాణాల లబ్ధంతో భాగించి వర్గమూలం తీయాలి. దాన్ని ధ్వని వేగంతో హెచ్చించి 6.28తో భాగించాలి. సిలిండర్ ఘనపరిమాణం అంటే ఇక్కడ స్ట్రోక్ సగంలో ఉన్నప్పటిది, కంబషన్ చాంబర్‌తో కలిపి. అన్నీ మీటర్లలో వేయండి, లేకపోతే అంకె ఎక్కడికో పోతుంది.

1298 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజిన్, కంప్రెషన్ రేషియో 9 అనుకుంటే ఆ ఘనపరిమాణం సుమారు 203 సీసీ. 590 మి.మీ. పొడవు, 30 మి.మీ. వ్యాసానికి 137 హెర్ట్జ్ వస్తుంది. ఈ ఊగుడు ఇంజిన్ చుట్ల వేగానికి 2 నుంచి 2.5 రెట్లు ఉన్నచోట టార్క్ ఎక్కువగా దొరుకుతుంది. 2.1 తీసుకుంటే 3900 ఆర్పీఎం. అదే పొడవుకి 34 మి.మీ. వేస్తే 4450కి జరుగుతుంది. వ్యాసం పెంచితే టార్క్ పైకి జరుగుతుంది, పొడవు పెంచితే కిందికి జరుగుతుంది. ఈ అంకె, తరంగం లెక్క నుంచి వచ్చిన అంకె 200, 300 ఆర్పీఎం తేడాలో ఉంటే గొట్టం కోయించండి. అంతకన్నా దూరంగా ఉంటే కాగితం దగ్గరకే వెళ్లండి.

బానెట్ కింద 600 మి.మీ. గొట్టం పట్టడం లేదు. ఏం చేయాలి?

వంచండి. తరంగానికి వంపు పెద్ద అడ్డం కాదు, గాలి పారకానికే కాస్త ఇబ్బంది. వంపు వ్యాసార్ధం గొట్టం వ్యాసానికి కనీసం ఒకటిన్నర రెట్లు ఉంటే చాలు.

ఈ చిక్కు కొత్తది కాదు. 1960లో క్రైస్లర్ 300ఎఫ్ కారులో 413 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజిన్‌కి 30 అంగుళాల పొడవున్న దారులు పెట్టారు. అవి ఇంజిన్ మీదుగా అడ్డంగా వెళ్లి, ఎడమ వైపు కార్బ్యురేటర్ కుడి వైపు సిలిండర్లకి, కుడిది ఎడమ వాటికి గాలి ఇచ్చేవి. ఎక్కువ ఆర్పీఎం కావాలన్నవాళ్లకి, బయటికి అలాగే కనిపించే మేనిఫోల్డ్‌లోనే లోపలి గోడలు తగ్గించి 15 అంగుళాల దారిగా ఇచ్చారు. పొడవుదానికి 375 హార్స్ పవర్, పొట్టిదానికి 400. పొడవైన దారి ఎందుకు పెట్టారో ఆ రెండు అంకెలు చూసి అర్థం కాదు, కింద ఆర్పీఎంలో టార్క్ చూస్తేనే అర్థమవుతుంది.

వంచినా పట్టకపోతే పొట్టి గొట్టంతో రెండో, మూడో సారి తిరిగి వచ్చే తరంగాన్ని వాడుకోవచ్చు. కానీ ప్రతి రాకకీ దాని బలం తగ్గుతుంది.

కామ్ కూడా మార్చాను. లెక్క అదే ఉంటుందా?

ఉండదు. స్పోర్ట్స్ కామ్‌లో ఇన్‌టేక్ వాల్వ్ ఆలస్యంగా మూసుకుంటుంది కాబట్టి తరంగం రావడానికి ఇంకొంచెం సమయం ఉంటుంది. 80 బదులు 90 డిగ్రీలకి పైగా తీసుకోవాలి. అయితే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. వాల్వ్ మరీ ఆలస్యంగా మూసుకుంటే కింద ఆర్పీఎంలో నిండిన గాలి వెనక్కి పోతుంది. దాన్ని ఏ పొడవు రన్నరూ ఆపలేదు. కింద టార్క్ కావాలనుకునేవాళ్లు కంపెనీ కామ్ ఉంచుకోవడమే మంచిది.

ప్లీనం ఎంత పెద్దది పెట్టాలి?

నాలుగు సిలిండర్ల బండికి ఇంజిన్ సామర్థ్యానికి ఒకటి నుంచి ఒకటిన్నర రెట్లు. మరీ చిన్నదైతే ఒక సిలిండర్ లాగుడు పక్కదాన్ని చెడగొడుతుంది. మరీ పెద్దదైతే యాక్సిలరేటర్ తొక్కాక స్పందన నెమ్మదిస్తుంది.

మన విజయవాడ ఎండకి లెక్క మారుతుందా?

మారుతుంది, అదీ రెండు రకాలుగా. వేడి గాలిలో ధ్వని వేగం పెరుగుతుంది. 25 డిగ్రీల్లో సెకనుకి 346 మీటర్లు, 65 డిగ్రీల్లో 369. అంటే చల్లటి గాలికి లెక్కవేసిన రన్నర్ టార్క్ బానెట్ వేడిలో 6 శాతం పైకి జరుగుతుంది. ఇది చిన్న విషయమే.

పెద్ద విషయం సాంద్రత. అదే 25 నుంచి 65కి వెళ్తే గాలి సాంద్రత 12 శాతం తగ్గుతుంది. మీరు డబ్బు పెట్టి రన్నర్‌తో సంపాదించేది 5 నుంచి 10 శాతం. మే నెల మధ్యాహ్నం ట్రాఫిక్‌లో నిలబడిన బండి ఎయిర్ ఫిల్టర్ రేడియేటర్ వెనకనుంచి గాలి పీలుస్తుంటే ఆ లాభమంతా పోయి ఇంకా బాకీ పడతారు. అందుకే ముందు ఫిల్టర్ మూతిని బానెట్ వేడికి దూరంగా, బయటి గాలి తగిలేచోట పెట్టించండి. మేనిఫోల్డ్‌కీ హెడ్‌కీ మధ్య వేడి దిగకుండా ఫినాలిక్ స్పేసర్ వేస్తే మంచిది. దాని మందాన్ని రన్నర్ పొడవులో కలపండి.

బైక్‌కి ఎయిర్ బాక్స్ తీసేసి కోన్ ఫిల్టర్ పెట్టాను. సౌండ్ పెరిగింది, పుల్లింగ్ పోయింది. ఎందుకు?

బైక్‌లో పోర్ట్, రబ్బర్ జాయింట్, థ్రాటిల్ బాడీ, ఎయిర్ బాక్స్‌లోకి వెళ్లే రబ్బర్ గొట్టం అన్నీ కలిసి ఒక రన్నర్. ఎయిర్ బాక్స్ ప్లీనం పని చేస్తుంది. అది తీసేయగానే దారి పొడవు తగ్గిపోయింది, టార్క్ మీరు నడపని ఆర్పీఎంకి ఎక్కేసింది. ఎయిర్ బాక్స్ తిరిగి పెట్టండి, లోపల మంచి ఫిల్టర్ వేయండి.

మాది ఫార్ములా స్టూడెంట్ (కాలేజీల రేస్ కార్ల పోటీ) కారు, 20 మి.మీ. రిస్ట్రిక్టర్ (లోపలికి వచ్చే గాలిని పరిమితం చేసే సన్నటి మూతి) ఉంది. రన్నర్ లెక్క ఎక్కడి నుంచి?

ప్లీనం లోపలి మూతి నుంచి వాల్వ్ దాకానే. రిస్ట్రిక్టర్ ప్లీనంకి ముందు ఉంటుంది కాబట్టి రన్నర్ పొడవులోకి రాదు. సింగిల్ సిలిండర్ ఇంజిన్ గాలిని ఒక్కసారిగా లాగి ఆగుతుంది. రిస్ట్రిక్టర్‌కి నిలకడైన పారకం కావాలి. అందుకే ప్లీనం రోడ్డు బండికన్నా చాలా పెద్దదిగా పెట్టాలి.

పాత 373 సీసీ కేటీఎం 390 ఇంజిన్ బోర్ 89, స్ట్రోక్ 60 మి.మీ. 7000 ఆర్పీఎంకి పొడవు సుమారు 338 మి.మీ. వస్తుంది. 42 మి.మీ. వ్యాసంలో గాలి సగటు వేగం 63 మీటర్లు. ఈ రెండింటితో మొదలుపెట్టి సిమ్యులేషన్‌లో అటూ ఇటూ జరపండి. జడ్జిలు అడిగేది అంకె ఎంత అని కాదు, ఎందుకు ఎంచుకున్నారని.

## తయారు చేయించేటప్పుడు

ఏ మెటీరియల్ మంచిది? త్రీడీ ప్రింట్ చేయించవచ్చా?

అల్యూమినియం గొట్టం, ఆర్గాన్ వెల్డింగ్. ఇదే నమ్మకమైన దారి. త్రీడీ ప్రింట్ అయితే పీఎల్ఏ (మామూలు ప్రింటింగ్ ప్లాస్టిక్) వద్దు, అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. బానెట్ కింద ఆ వేడి మామూలే. గాజు లేదా కార్బన్ ఫైబర్ కలిపిన నైలాన్ వాడండి. ప్రింట్ పొరల మధ్య నుంచి గాలి కారకుండా లోపల ఎపాక్సీ పూత వేయించండి.

ఆటోనగర్‌లో ఇచ్చేటప్పుడు ఏమేం చెప్పాలి?

నోటిమాట చాలదు, కాగితం మీద గీసి ఇవ్వండి. లోపలి వ్యాసం, మధ్య గీత వెంబడి పొడవు, నాలుగు రన్నర్లూ సమానంగా ఉండాలన్న షరతు రాయండి. ప్లీనం వైపు మూతి గుండ్రంగా విచ్చుకుని ఉండాలి, ఆ గుండ్రం వ్యాసార్ధం గొట్టం వ్యాసంలో కనీసం పావు వంతు. పదునైన అంచుతో వదిలేస్తే గాలి అక్కడే విడిపోయి సుడి తిరుగుతుంది.

వెల్డింగ్ దగ్గర నిలబడి చూడండి. ఫ్లాంజ్‌కి గొట్టం అతికేటప్పుడు లోపలి వైపు పూస పొంగి, వేలు పెట్టి తిప్పితే గరుకుగా చిన్న గట్టులా తగులుతుంది. 32 మి.మీ. దారిలో అలాంటి 1 మి.మీ. గట్టు చుట్టూ ఉంటే అక్కడ వ్యాసం 30కి పడిపోయినట్టే. దాన్ని డై గ్రైండర్‌తో తీయించాలి. వెల్డింగ్ వేడికి ఫ్లాంజ్ వంగుతుంది కాబట్టి చివర్లో ఫేసింగ్ (మిషన్ మీద చదును చేయడం) తప్పనిసరి.

బ్రేక్ బూస్టర్ వాక్యూమ్ పైపు, మ్యాప్ సెన్సర్ (మేనిఫోల్డ్‌లో పీడనం కొలిచేది), ఐడిల్ వాల్వ్, పీసీవీ (ఇంజిన్ లోపలి ఆవిర్లు తిరిగి పంపే) గొట్టాలకి ప్లీనం మీదే చోటు పెట్టించండి. బ్రేక్ బూస్టర్ పైపు మర్చిపోతే పెడల్ రాయిలా బిగుసుకుంటుంది, అది ప్రాణాల మీదికి వస్తుంది. పొడవైన మేనిఫోల్డ్ బరువుకి ఇంజిన్ బ్లాక్ నుంచి ఒక సపోర్ట్ పట్టీ కూడా కావాలి. లేకపోతే వైబ్రేషన్‌కి వెల్డింగ్ పగులుతుంది.

లోపల అద్దంలా పాలిష్ చేయించాలా?

అక్కర్లేదు. 120 గ్రిట్ పేపర్ ముగింపు చాలు. ఆ డబ్బుని గ్యాస్కెట్, పోర్ట్, రన్నర్ అంచులు మూడూ ఒకే గీతలో కలిసేలా చేయించడానికి పెట్టండి.

ఇంజెక్టర్‌ని (పెట్రోల్ చిమ్మేది) పైకి జరపవచ్చా?

టార్క్ కోసం అయితే వద్దు. ఇంజెక్టర్ వాల్వ్‌కి దగ్గరగా, వాల్వ్ వెనక భాగాన్ని చూస్తూ ఉండాలి. దూరం జరిపితే తక్కువ ఆర్పీఎంలో పెట్రోల్ గోడల మీద పేరుకుని, యాక్సిలరేటర్ తొక్కగానే బండి ఒక క్షణం తడబడుతుంది.

## బిగించాక

ఐడిల్‌లో సూది పైకీ కిందకీ ఊగుతోంది. ఎందుకు?

దాదాపు ఎప్పుడూ గాలి లీకే. ఫ్లాంజ్ గ్యాస్కెట్, ఇంజెక్టర్ ఓ-రింగులు, వాక్యూమ్ గొట్టాల జాయింట్లు చూడండి. స్మోక్ టెస్ట్ చేయిస్తే పొగ ఎక్కడి నుంచి వస్తోందో కళ్లకి కనిపిస్తుంది. వేడి ఎగ్జాస్ట్ పక్కన కార్బ్ క్లీనర్ కొట్టి లీక్ వెతకడం చాలామంది చేస్తారు. మంట అంటుకుంటుంది, చేయకండి.

ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) మ్యాప్, అంటే అందులోని పట్టిక మార్చాలా, లేక అదే సర్దుకుంటుందా?

మాఫ్ (గాలి పరిమాణం కొలిచే) సెన్సర్ ఉన్న బండి లోపలికి వెళ్లే గాలిని నేరుగా కొలుస్తుంది కాబట్టి చాలావరకు సర్దుకుంటుంది. మ్యాప్ సెన్సర్ మీద నడిచే బండి సిలిండర్ ఎంత నిండుతుందో పాత పట్టిక చూసి ఊహిస్తుంది. రన్నర్ మార్చాక ఆ పట్టిక తప్పు. టార్క్ పెరిగిన చోటే పెట్రోల్ తక్కువ పడుతుంది, నాకింగ్ (మిశ్రమం దానంతట అదే పేలడం) కూడా అక్కడే వస్తుంది. వైడ్‌బ్యాండ్ లాంబ్డా సెన్సర్ (ఎగ్జాస్ట్‌ని బట్టి గాలి, పెట్రోల్ పాళ్లు చెప్పేది) పెట్టి చూడకుండా ఫుల్ థ్రాటిల్ తొక్కకండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే, 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్‌కి సరైన గాలి, ఇంధన నిష్పత్తి సుమారు 13.5, పాత 14.7 కాదు. సరైన నిష్పత్తిని ఏ ఇంధనానికైనా 1గా చూపే లాంబ్డా విలువతో పనిచేస్తే ఈ గందరగోళం ఉండదు.

నిజంగా టార్క్ పెరిగిందో, నా భ్రమో ఎలా తెలుసుకోవాలి?

డైనో (టార్క్ కొలిచే యంత్రం) మీద మార్పుకి ముందు, తర్వాత రెండు గ్రాఫులు తీయించండి. ముందుది లేకపోతే తర్వాతది దేనికీ పనికిరాదు. డైనో అందుబాటులో లేకపోతే ఖాళీగా, సమంగా ఉన్న ఒకే రోడ్డు మీద, ఒకే గేర్‌లో, వేగ పరిమితి లోపలే గంటకి 30 నుంచి 60 కిలోమీటర్లకి పట్టే సమయాన్ని వీడియో తీసి చూడండి. రెండు దిశల్లోనూ నడిపి సగటు తీయండి. ట్యాంకులో పెట్రోల్, బండిలో మనుషులు, గాలి ఉష్ణోగ్రత రెండుసార్లూ ఒకేలా ఉండాలి. ఉదయం ఆరింటికి ఒకటి, మధ్యాహ్నం ఒకటి చేస్తే మీరు కొలిచింది ఎండని. ఇన్‌టేక్ సౌండ్ పెరిగితే బండి వేగంగా పోతున్నట్టే అనిపిస్తుంది. చెవిని నమ్మకండి.

కింద పుల్లింగ్ వచ్చింది కానీ 5500 తర్వాత బండి చచ్చిపోతోంది. తప్పు చేశామా?

లేదు. మీరు అడిగిందే వచ్చింది. పొడవైన, సన్నటి రన్నర్ పై ఆర్పీఎంలో తరంగాన్ని ఆలస్యంగా పంపుతుంది, వాల్వ్ అప్పటికే మూసుకుంటుంది. రెండూ కావాలంటే పొడవు మారే మేనిఫోల్డ్ కావాలి. 1991లో లె మాన్స్ గెలిచిన మాజ్డా 787బి ఇంజిన్‌లో ఆర్పీఎంని బట్టి జారుతూ పొడవు మార్చుకునే గొట్టాలు ఉండేవి. రోడ్డు కార్లలో చాలా కంపెనీలు లోపల ఒక ఫ్లాప్ పెట్టి పొడవు, పొట్టి దారుల మధ్య మారుస్తాయి. ఇంట్లో అలాంటిది కట్టడం కష్టమే. పడిపోవడం మరీ ఎక్కువగా ఉంటే పొడవు ముట్టుకోకుండా ముందు వ్యాసం ఒక మిల్లీమీటరు పెంచి చూడండి. ఇంకా చాలకపోతే అప్పుడు గొట్టం 30 మి.మీ. తగ్గించండి. ఒకేసారి రెండూ మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.